ఉత్తర సెంటినెల్ తీరాన ఆఖరి వారం: జాన్ అలెన్ చౌ ఉదంతం, దాని వెనుక చరిత్ర, చట్టం

క్రైస్తవ మత ప్రచారం చేయాలన్న సంకల్పంతో అండమాన్ దీవుల్లోని ఉత్తర సెంటినెల్ ద్వీపంపై అడుగుపెట్టిన అమెరికా యువకుడు జాన్ అలెన్ చౌ 2018 నవంబరులో అక్కడి ఆదిమవాసుల చేతిలో మరణించారు. అప్పటికి ఆయన వయసు 26 సంవత్సరాలు. నవంబరు 21న ఈ వార్త వెలుగులోకి వచ్చిన నాటి నుంచి ప్రపంచవ్యాప్తంగా రెండు రకాల కథనాలు వినిపించాయి. విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన అమరుడని కొందరు కీర్తించారు. చట్టాన్ని ధిక్కరించి చావును కొనితెచ్చుకున్న అవివేకి అని మరికొందరు నిందించారు. ఈ రెండు కథనాల్లోనూ ప్రధాన పాత్ర చౌదే. ద్వీపవాసులు తెర వెనుక నీడలుగానే మిగిలిపోయారు. అయితే ఆ వారంలో ప్రమాదంలో పడింది ఒక్క యువకుడి ప్రాణం మాత్రమే కాదు. బయటి లోకపు వ్యాధులను తట్టుకునే రోగనిరోధక శక్తి లేని ఒక చిన్న జనసమూహం మనుగడ కూడా అదే తీరాన ప్రమాదపు అంచున నిలిచింది.

ఎవరీ యువకుడు?

చౌ స్వస్థలం అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన వాంకూవర్ నగరం. తండ్రి చైనా నుంచి వలస వచ్చిన వైద్యుడు. బాల్యం నుంచి కొండలెక్కడం, అడవుల్లో బస చేయడం, సాహస గాథలు చదవడం ఆయనకు ఇష్టం. ప్రపంచంలో సువార్త ఇంకా చేరని తెగల జాబితాలను కొన్ని క్రైస్తవ సంస్థలు అంతర్జాలంలో నిర్వహిస్తుంటాయి. పాఠశాల దశలోనే అలాంటి ఒక జాబితాలో సెంటినెలీల గురించి చదివిన చౌ, తన జీవిత గమ్యం అదేనని నిశ్చయించుకున్నారు. ఓక్లహోమా రాష్ట్రం టల్సాలోని ఓరల్ రాబర్ట్స్ విశ్వవిద్యాలయంలో 2014లో పట్టభద్రులయ్యారు.

ఆ తర్వాత ఆయన చేసిన ప్రతి పనీ ఆ గమ్యానికి సన్నాహమే. అడవిలో అత్యవసర ప్రథమ చికిత్స నేర్చుకున్నారు. లిపి లేని భాషలను ఎలా గ్రహించాలో తెలుసుకునేందుకు కెనడాలో భాషాశాస్త్ర శిక్షణ పొందారు. పర్యాటకుడిగా అండమాన్‌కు పలుమార్లు వచ్చి స్థానికంగా పరిచయాలు పెంచుకున్నారు. 2017లో మిస్సోరీ రాష్ట్రంలోని కేన్సాస్ సిటీ కేంద్రంగా పనిచేసే ‘ఆల్ నేషన్స్’ అనే మిషనరీ సంస్థ శిక్షణ శిబిరంలో పాల్గొన్నారు. ఆ శిక్షణలో ఒక కృత్రిమ గ్రామాన్ని ఏర్పాటు చేసి, సంస్థ సభ్యులే అపరిచిత తెగవారిగా నటించి శిక్షణార్థులను బెదిరిస్తారు. ఈటెలు పట్టిన వారి నడుమ ఎలా మెలగాలో చౌ అక్కడ అభ్యసించారు. నటించేవారికీ, తమ నేలను నిజంగా కాపాడుకునేవారికీ ఉన్న తేడాను ఆ శిబిరం ఎంతవరకు నేర్పగలదన్నది వేరే ప్రశ్న.

పాశ్చాత్య దేశాల నుంచి మత ప్రచారానికి బయలుదేరే యువకులు అరుదేమీ కాదు. మోర్మన్లుగా పేరొందిన కడపటి దిన పరిశుద్ధుల యేసుక్రీస్తు సంఘం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఆ సంఘంలో యువకులు రెండేళ్లపాటు, యువతులు ఏడాదిన్నరపాటు ప్రచార సేవకు వెళతారు. ఎక్కడికి వెళ్లాలో సంఘమే నిర్ణయిస్తుంది. ఎప్పుడూ జంటగానే తిరగాలి, సహచరుడిని విడిచి ఒంటరిగా ఎక్కడికీ వెళ్లరాదు. ఏ పూట ఏం చేయాలో నియమావళి ఉంటుంది, వారంలో ఒక రోజు సొంత పనులకు కేటాయిస్తారు. చౌ ఆ సంఘానికి చెందినవారు కాదు. ఆయనది ఎవాంజలికల్ క్రైస్తవ మార్గం. సహచరుడు లేడు, పైన అజమాయిషీ చేసే పెద్దలూ దగ్గర లేరు. విదేశీ మత ప్రచారకులకు భారతదేశం ప్రత్యేకంగా మిషనరీ వీసా ఇస్తుంది. చౌ మాత్రం పర్యాటక వీసాపైనే వచ్చారు.

ఆ వారం ఏం జరిగింది?

2018 అక్టోబరు 16న చౌ పోర్ట్ బ్లెయిర్ చేరుకున్నారు. ఒక ఇంట్లో తలుపులు మూసుకొని 11 రోజులు ఎండ ముఖం చూడకుండా గడిపారు. తన శరీరంలో అంటువ్యాధి ఏదైనా ఉంటే బయటపడుతుందన్నది ఆయన ఉద్దేశం. అంతకు ముందే పలు టీకాలు కూడా వేయించుకున్నారు. ద్వీపవాసులకు తనవల్ల వ్యాధి సోకే ప్రమాదం ఉందని ఆయనకు తెలుసు అనడానికి ఇదే సాక్ష్యం. అయితే ఆ ఏకాంతం ముగిశాక ఆయన ఐదుగురు మత్స్యకారులతో ఒకే పడవలో ప్రయాణించారు, ఒకే చోట నిద్రించారు, వారు పట్టిన చేపలను చేతపట్టుకొని తీరానికి వెళ్లారు. టీకా అనేది వేయించుకున్నవారిని కాపాడుతుంది. వారి చర్మంపై, శ్వాసలో, వస్తువులపై ఉండే సూక్ష్మజీవులన్నిటినీ అది తుడిచిపెట్టదు.

నవంబరు 14, బుధవారం రాత్రి చీకటి పడ్డాక మోటారు పడవ బయలుదేరింది. ఒక స్థానిక మిత్రుడి ద్వారా కుదిరిన ఈ ప్రయాణానికి చౌ చెల్లించింది 25 వేల రూపాయలు. తీర రక్షక దళం, నౌకాదళం గస్తీ కంట పడకుండా ఉండేందుకు రాత్రివేళను ఎంచుకున్నారు. సాధారణ చేపల వేటకు వెళ్లే పడవలా కనిపించడం వారికి కలిసొచ్చింది. అర్ధరాత్రి వేళకు ద్వీపం సమీపానికి చేరి లంగరు వేశారు.

15వ తేదీ గురువారం తెల్లవారాక చౌ కయాక్ అనే చిన్న తెడ్డు పడవలో ఒంటరిగా తీరం వైపు సాగారు. వెంట చేపలు, కత్తెరలు, పిన్నీసుల వంటి కానుకలు, నీటికి తడవని బైబిలు ఉన్నాయి. విల్లంబులతో మనుషులు కనిపించగానే, తన పేరు జాన్ అనీ, తాను వారిని ప్రేమిస్తున్నాననీ, యేసు కూడా వారిని ప్రేమిస్తున్నాడనీ ఇంగ్లీషులో బిగ్గరగా అరిచారు. వారు బాణాలు సంధించడంతో భయపడి, చేపలను నీటిలో వదిలి వెనుదిరిగారు.

అదే రోజు మరోసారి ప్రయత్నించారు. ఈసారి ద్వీపవాసులకు మరింత దగ్గరగా వెళ్లగలిగారు. వారు పలికిన శబ్దాలను తిరిగి పలకడానికి యత్నించగా వారు నవ్వారని దినచర్య పుస్తకంలో రాసుకున్నారు. వారి మాటల్లో ‘బ’, ‘ప’, ‘ల’, ‘స’ ధ్వనులు ఎక్కువగా వినిపించినట్లు కూడా గుర్తించారు. భక్తి గీతాలు పాడి, లేఖనాలు చదివి వినిపించారు. అంతలో ఒక బాలుడు బాణం వదిలాడు. అది ఆయన ఛాతీ ముందు పట్టుకున్న బైబిలులో దిగబడింది. ఆయన వెనక్కి మళ్లి నీటిలోకి పరుగెత్తారు. కయాక్ చేజారింది. దూరంగా నిలిచి ఉన్న మత్స్యకారుల పడవ దాకా ఈదుకుంటూ చేరుకున్నారు.

ఆ బాణాన్ని హెచ్చరికగా పరిగణించవచ్చు. మొదట అరుపులు, ఆ తర్వాత ఎక్కుపెట్టిన విల్లు, పిమ్మట ఒక్క బాణం. గతంలో ఈ ద్వీపానికి వెళ్లిన ప్రభుత్వ బృందాలకు ఎదురైన వరుస కూడా దాదాపు ఇదే. భాష తెలియకపోయినా ఆ సంకేతంలో సందిగ్ధం ఏమీ లేదు. చౌ కూడా దాన్ని అర్థం చేసుకోలేదని చెప్పలేము. తనకు చావాలని లేదని ఆయన రాసుకున్నారు. ఆ సాయంత్రపు సూర్యాస్తమయం ఎంత అందంగా ఉందో, తాను చూసే చివరి సూర్యాస్తమయం ఇదే అవుతుందేమోనన్న భయమూ ఆ పుటల్లో కనిపిస్తాయి. ఈ ద్వీపం దేవుని నామం వినబడని సైతాను ఆఖరి కోట కాదు కదా అని దేవుడినే ప్రశ్నించుకున్నారు. తెగ పట్ల ప్రేమ, ఆ తెగ నివసించే నేల చీకటి రాజ్యమన్న నమ్మకం ఒకే మనసులో పక్కపక్కనే ఉన్నాయి.

16వ తేదీ శుక్రవారం తల్లిదండ్రులకు, తోబుట్టువులకు లేఖ రాశారు. తాను మరణిస్తే ద్వీపవాసులపై గానీ, దేవునిపై గానీ కోపం పెంచుకోవద్దని కోరారు. దినచర్య పుటలను మత్స్యకారుల చేతికిచ్చి, తనను తీరంలో దించి వెళ్లిపొమ్మని చెప్పారు. పడవ దగ్గరగా కనిపిస్తే ద్వీపవాసులు బెదురుతారని ఆయన భావించారు. ప్రాణాపాయమే సంభవిస్తే మత్స్యకారులు దానికి సాక్షులు కాకూడదన్న ఆలోచన కూడా ఉంది. 

17వ తేదీ శనివారం ఉదయం మత్స్యకారులు తిరిగి ఆ వైపు వచ్చారు. ఒక దేహాన్ని తాడుతో ఇసుకపై లాక్కెళ్లి పూడ్చిపెట్టడం వారికి దూరం నుంచి కనిపించింది. దుస్తులను, ఆకారాన్ని బట్టి అది చౌదేనని వారు నిర్ధారణకు వచ్చారు. పోర్ట్ బ్లెయిర్ తిరిగి వచ్చి, విషయం మిత్రుడికి చెప్పి, దినచర్య పుటలు అప్పగించారు. కబురు అక్కడి నుంచి అమెరికాలోని కుటుంబానికి, కుటుంబం నుంచి చెన్నైలోని అమెరికా కాన్సులేట్‌కు, అక్కడి నుంచి అండమాన్ పోలీసులకు చేరింది. కూతవేటు దూరంలో ఉన్న పోలీసులకు భూగోళం చుట్టి వచ్చిన తర్వాత గానీ సమాచారం అందలేదన్నమాట.

మృతదేహం కోసం అన్వేషణ, ఆపై విరమణ

హంఫ్రీగంజ్ పోలీసు స్టేషనులో గుర్తుతెలియని వ్యక్తులపై హత్య కేసు నమోదైంది. ఐదుగురు మత్స్యకారులతో సహా ఏడుగురిని అరెస్టు చేశారు. వారిలో ఎవరూ హత్య చేసినవారు కారు. నిషిద్ధ ప్రాంతానికి తీసుకెళ్లడానికి సహకరించారన్నది వారిపై ఆరోపణ.

నిందితులైన ద్వీపవాసుల మాటేమిటి? చట్టపరంగా వారు భారత పౌరులే. కానీ భారతదేశమంటే ఏమిటో, పోలీసులంటే ఎవరో వారికి తెలియదు. వారి భాష తెలిసినవారు బయట ఒక్కరూ లేరు. వారిని విచారించడం, అరెస్టు చేయడం ఆచరణలో అసాధ్యం. అరెస్టు చేసి జైలుకు తరలించడమంటే వ్యాధులకు అప్పగించడమే. అండమాన్ పోలీసు డైరెక్టర్ జనరల్ దీపేంద్ర పాఠక్ ఆధ్వర్యంలో మానవశాస్త్రవేత్తలను సంప్రదించిన తర్వాతే ప్రతి అడుగూ వేశారు. నవంబరు 24న పోలీసు పడవ తీరానికి సుమారు 400 మీటర్ల దూరంలో నిలిచింది. విల్లంబులు ధరించిన పురుషులు ఇసుక తీరాన కనిపించారు. ఇరుపక్షాలూ ఒకరినొకరు చూసుకున్నాయి. ఘర్షణకు తావివ్వకుండా పడవ వెనుదిరిగింది.

దేహాన్ని తెచ్చే ప్రయత్నం మానుకోవాలని పలువురు మానవశాస్త్రవేత్తలు, రచయితలు ఉమ్మడి ప్రకటనలో కోరారు. తెగ హక్కులను, కోరికను గౌరవించాలని, వారిని రెచ్చగొడితే మరింత హాని జరుగుతుందని హెచ్చరించారు. క్రమంగా అన్వేషణ నిలిచిపోయింది. చౌ దేహం నేటికీ ఆ ద్వీపంలోనే ఉంది. కుటుంబ సభ్యులు ఆయన సామాజిక మాధ్యమ ఖాతా ద్వారా ఒక ప్రకటన చేస్తూ, మరణానికి కారకులైనవారిని క్షమిస్తున్నామన్నారు. ఆయన స్వేచ్ఛగా వెళ్లారని, అండమాన్‌లోని మిత్రులను విడుదల చేయాలని విజ్ఞప్తి చేశారు. తండ్రి మాత్రం తర్వాతి కాలంలో, తీవ్ర మత భావనలు తన కుమారుణ్ణి బలిగొన్నాయని బాధపడ్డారు. తెగపై చర్యలు కోరబోమని అమెరికా ప్రభుత్వం 2019లో స్పష్టం చేసింది.

ఈ వైరం ఎక్కడ మొదలైంది?

ఉత్తర సెంటినెల్ పోర్ట్ బ్లెయిర్‌కు పడమరగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉంది. విస్తీర్ణం దాదాపు 60 చదరపు కిలోమీటర్లు. చుట్టూ పగడపు దిబ్బలు, లోపల దట్టమైన అడవి. అక్కడివారు తమను తాము ఏమని పిలుచుకుంటారో బయటివారికి తెలియదు. సెంటినెలీ అన్నది మనం పెట్టిన పేరు. 2011 జనగణనలో దూరం నుంచి లెక్కించగా కనిపించినవారు 15 మంది. అంతకు ముందు 2001లో 39 మంది. ఇవి కంటపడినవారి లెక్కలే తప్ప జనాభా కాదు. 

వీరు 60 వేల ఏళ్లుగా అక్కడే ఉన్నారన్న మాట తరచూ వినిపిస్తుంది. దీనికి మూలం కొంతవరకు హైదరాబాద్‌లోనే ఉంది. సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీకి చెందిన కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్ తదితరులు 2005లో ‘సైన్స్’ పత్రికలో వెలువరించిన జన్యు పరిశోధన అండమాన్ తెగల అతి ప్రాచీనతను వెల్లడించింది. అయితే వారు పరిశీలించిన నమూనాలు ఓంగే, గ్రేట్ అండమానీ తెగలవి. సెంటినెలీల రక్త నమూనా ఎవరూ సేకరించలేదు. ఆ తెగకు అంకెను అంటగట్టేటప్పుడు ఈ సంగతి మరువరాదు.

బయటి లోకాన్ని వారు ఎన్నడూ చూడలేదన్నది మరో అపోహ. చూశారు, ఆ అనుభవం చేదుగానే మిగిలింది. 1858లో బ్రిటిష్ పాలకులు పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం నెలకొల్పారు. తెలుగువారు కాలాపానీ అని తలచుకునే ప్రవాస శిక్షకు అది వేదిక. ఆ స్థావరంలో అధికారిగా ఉన్న మారిస్ విడాల్ పోర్ట్‌మన్ 1880లో సాయుధ బృందంతో ఉత్తర సెంటినెల్‌ను గాలించి, ఒక వృద్ధ జంటను, నలుగురు పిల్లలను పట్టుకొని పోర్ట్ బ్లెయిర్‌కు తరలించారు. వారంతా త్వరలోనే జబ్బుపడ్డారు. వృద్ధులిద్దరూ మరణించారు. పిల్లలను కానుకలతో తిరిగి ద్వీపంలో విడిచిపెట్టారు. ఆ పిల్లలు తమవారికి ఏం చెప్పారో, తమతోపాటు ఏ వ్యాధిని మోసుకెళ్లారో ఊహించవలసిందే. వ్యాధి, అపహరణ, రెండు మరణాలు: తర్వాతి తరాలు గుర్తుంచుకోవడానికి ఆ ఒక్క సంఘటన చాలు.

స్వాతంత్ర్యానంతరం 1967లో ఆంథ్రపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన టి.ఎన్. పండిట్ తొలి అధికారిక బృందంతో ద్వీపంలో దిగారు. ఇళ్లు కనిపించాయి, మనుషులు అడవిలోకి తప్పుకున్నారు. తర్వాతి రెండు దశాబ్దాల్లో కొబ్బరికాయలు, పాత్రలు, ఇనుప వస్తువులు తీరంలో ఉంచి వచ్చే పద్ధతి సాగింది. 1974లో చిత్రీకరణకు వచ్చిన బృందంలోని దర్శకుడి తొడలో బాణం దిగింది. 1981 ఆగస్టులో ‘ప్రిమ్‌రోజ్’ అనే సరకు నౌక పగడపు దిబ్బలపై చిక్కుకుంది. ఒడ్డున విల్లంబులు, పడవలు సిద్ధమవుతుండటం చూసి నావికులు భయపడ్డారు. సుమారు వారం తర్వాత హెలికాప్టర్ వారిని తరలించింది. ఆ నౌక శిథిలం ద్వీపవాసులకు ఇనుప గనిగా మారింది. రాతియుగపు జీవనమని రాసేవారు ఈ ఇనుప ములుకుల సంగతి విస్మరిస్తుంటారు.

1991 జనవరి 4న తొలిసారిగా వారు ఆయుధాలు లేకుండా నీటిలోకి వచ్చి కొబ్బరికాయలు అందుకున్నారు. ఆ బృందంలో మానవశాస్త్రవేత్త మధుమాల ఛటోపాధ్యాయ ఉన్నారు. ఒక మహిళ ఉండటం వల్లే వారికి భయం తగ్గి ఉండవచ్చని పలువురు విశ్లేషించారు. ఆ సుహృద్భావం స్థిరపడలేదు. తర్వాతి యాత్రల్లో మళ్లీ విల్లులు లేచాయి. కానుకల వల్ల వారికి ఒరిగేదేమిటన్న ప్రశ్న ప్రభుత్వ వర్గాల్లోనే బలపడటంతో 1996లో ఆ యాత్రలు ఆగిపోయాయి.

2004 డిసెంబరు సునామీ తర్వాత క్షేమ సమాచారం కోసం తీర రక్షక దళ హెలికాప్టర్ వెళ్లగా, ఇసుకపై నిలిచి దానిపైకి విల్లు ఎక్కుపెట్టిన ఒక వ్యక్తి ఛాయాచిత్రం ప్రపంచమంతటా ప్రచురితమైంది. వారు బతికే ఉన్నారన్న కబురు అలా అందింది. 2006 జనవరిలో నిషిద్ధ జలాల్లో వేటకు వెళ్లిన ఇద్దరు మత్స్యకారుల పడవ కొట్టుకుపోయి ద్వీపం చేరగా వారు హతమయ్యారు. అప్పుడూ మృతదేహాల కోసం వెళ్లిన హెలికాప్టర్‌ను బాణాలు ఎదుర్కొన్నాయి. ఆ సంఘటనకు పన్నెండేళ్ల తర్వాత వచ్చిన చౌ మరణం అంతర్జాతీయ వార్త అయింది. ఆ మత్స్యకారుల మరణం అంతగా ఎవరికీ గుర్తులేదు.

బాణం కన్నా జలుబు ప్రమాదకరం

అండమాన్‌లో బయటివారితో కలిసిన తెగలు ఏమయ్యాయో జనగణన పట్టికలే చెబుతాయి. బ్రిటిష్ స్థావరం ఏర్పడేనాటికి వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు 1901 నాటికి 625 మంది మిగిలారు. 1931లో 90 మంది, 1961లో కేవలం 19 మంది. 1877లో ప్రబలిన తట్టు ఒక్కటే ఎన్నో కుటుంబాలను తుడిచిపెట్టింది. సవాయి, ఇన్‌ఫ్లుయెంజా మిగతా పని పూర్తి చేశాయి. వీరిని నాగరికులుగా మార్చాలని ఏర్పాటు చేసిన ‘అండమాన్ నివాసాలు’ వ్యాధులు పరస్పరం అంటించుకునే కేంద్రాలయ్యాయి. ఆ తెగకు చెందిన ‘బో’ భాష మాట్లాడే చివరి వ్యక్తి, బోవా సీనియర్ అనే వృద్ధురాలు 2010లో కన్నుమూశారు. ఆమెతోపాటు ఆ భాష కూడా పోయింది. లిటిల్ అండమాన్‌లోని ఓంగేల సంఖ్య 1901లో 672 కాగా, 2011లో 101.

జరావాల అనుభవం ఇంకా దగ్గరిది. 1990ల చివర్లో వారు అడవి వీడి గ్రామాలకు రావడం మొదలైన కొద్దికాలానికే, 1999లో, వారిలో తట్టు వ్యాపించింది. ప్రభుత్వ వైద్యులు సకాలంలో స్పందించడం వల్ల ప్రాణనష్టం అదుపులో ఉంది. ఉత్తర సెంటినెల్‌లో అటువంటి వైద్యం అందించే మార్గం లేదు. నల్లమలలోని చెంచుల వలె సెంటినెలీలు కూడా ప్రత్యేక బలహీన గిరిజన సమూహాల జాబితాలో ఉన్నారు. చెంచుపెంటకు కనీసం ఆరోగ్య కార్యకర్త నడిచి వెళ్లగలరు. సెంటినెల్ తీరానికి ఆ మాత్రం అవకాశమూ లేదు.

అనుమతుల చిక్కుముడి

ఈ తెగల రక్షణకు మూలాధారం 1956 నాటి అండమాన్ నికోబార్ దీవుల ఆదిమ తెగల రక్షణ నిబంధన. దీని ప్రకారం ప్రత్యేక అనుమతి లేకుండా తెగల ప్రాంతంలోకి ప్రవేశించడం నేరం. 2012లో శిక్షలను కఠినతరం చేశారు. ఉత్తర సెంటినెల్ చుట్టూ 5 నాటికల్ మైళ్ల వరకు, అంటే సుమారు 9 కిలోమీటర్ల సముద్రం కూడా నిషిద్ధమే. దూరం నుంచి కనిపెట్టుకొని ఉండటం, చేయి పెట్టకపోవడం అన్నది యంత్రాంగం అనుసరిస్తున్న విధానం.

అయితే 2018లోనే మరో పరిణామం జరిగింది. పర్యాటకాభివృద్ధి కోసం 29 దీవులకు విదేశీయులు నిరోధిత ప్రాంత అనుమతి తీసుకోనవసరం లేదని కేంద్ర హోం శాఖ సడలింపు ఇచ్చింది. ఆ జాబితాలో ఉత్తర సెంటినెల్ కూడా ఉంది. చౌ మరణానంతరం దీనిపై తీవ్ర విమర్శలు వచ్చాయి. సడలించింది ఒక్క అనుమతినేనని, తెగల రక్షణ నిబంధన, అటవీ చట్టాల ప్రకారం కావలసిన అనుమతులు యథాతథంగా ఉన్నాయని ప్రభుత్వం వివరణ ఇచ్చింది. చట్టరీత్యా ఆ వివరణ సరైనదే. కానీ సందర్శకులు రాకూడని ద్వీపం పేరు పర్యాటక సడలింపు జాబితాలోకి ఎందుకు చేరిందన్న ప్రశ్నకు అది సమాధానం కాదు. చౌ ఆ సడలింపుపై ఆధారపడలేదని మాత్రం స్పష్టం. అనుమతి ఉందనుకున్నవాడైతే గస్తీ నౌకల నుంచి దాక్కోవలసిన పని లేదు.

మత వ్యాప్తి ఈ దీవుల్లో ఎప్పుడూ ఇదే తీరుగా ముగిసిందనుకోవడమూ పొరపాటే. దక్షిణాన కార్ నికోబార్‌లో జనాభాలో అధికులు క్రైస్తవులు. అక్కడ ఆ మతం వేళ్లూనుకోవడానికి ప్రధాన కారకుడు బయటివాడు కాదు, నికోబారీ తెగకే చెందిన జాన్ రిచర్డ్‌సన్. బర్మాలో చదువుకొని సొంత దీవికి తిరిగివచ్చి ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఆయన, నికోబారీ భాషలోకి బైబిలు అనువాదానికి పూనుకున్నారు. తర్వాత బిషప్ అయ్యారు, తొలి లోక్‌సభకు నామినేట్ అయ్యారు, పద్మభూషణ్ పురస్కారం అందుకున్నారు. శతాబ్దాలుగా కొబ్బరి వర్తకం ద్వారా బయటి లోకంతో పరిచయమున్న సమాజం అది. తమ మనిషి, తమ భాషలో, ఏళ్ల తరబడి తమ మధ్య ఉండి చెప్పిన మాట అది. వినడమో మానడమో నికోబారీల చేతిలో ఉంది. సెంటినెలీలు తమ చేతిలో ఉన్నదాన్ని విల్లుతో చెప్పారు.

చౌ ఉదంతంపై 2023లో ‘ది మిషన్’ అనే లఘుచిత్రేతర డాక్యుమెంటరీ వెలువడింది. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మార్చారు. ఆ మరుసటి ఏడాది 2025 మార్చి 29న మరో అమెరికన్ యువకుడు, 24 ఏళ్లవాడు, గాలి నింపిన పడవలో ఉత్తర సెంటినెల్ చేరుకున్నాడు. ఈయనది మత ప్రచారం కాదు, సామాజిక మాధ్యమాల కోసం చిత్రీకరణ. తీరానికి దూరంగా ఈల ఊదుతూ కొంతసేపు వేచి చూసి, ఎవరూ కనిపించకపోవడంతో ఒడ్డున దిగాడు. అక్కడ ఉన్నది సుమారు ఐదు నిమిషాలు. కొంత ఇసుక తీసుకొని, ఒక కొబ్బరికాయ, ఒక శీతల పానీయం డబ్బా వదిలి తిరిగొచ్చాడు. రెండు రోజుల తర్వాత పోలీసులు అతణ్ణి అరెస్టు చేశారు.